మంచి పుట ఎట్లుండవలెను?

కంటితో చూడవలసిన వస్తువును గూర్చి చెవికి చెప్పబూనుట కొంత విపరీతముగా తోచవచ్చును. అయినను ఈ పూట నేను మీతో ముచ్చటింపబోవునది పుటను గూర్చియే. పుట యనగా పుస్తకములోని కాగితము మాత్రమే యని తలంపవలదు. పంచాంగములోని పట్టిక యొక పుట. పంచాయతీ కచేరి గోడపై అంటించిన ప్రకటన యొక పుట. మనుమని చేతిలోని ఫోను తెరపై మెరయు తెలుగు వ్రాతయు ఒక పుటయే. మొదటి రెంటిని మనవారు చిరకాలముగా ఎఱుగుదురు. మూడవది క్రొత్తది, దాని మంచిచెడ్డలు నిర్ణయించుట మన పని కాదని పెద్దలు తప్పుకొనుచున్నారు. అట్లు తప్పుకొనరాదని విన్నవించుటకే ఈ ప్రసంగము.

ముందుగా ఒక సంగతి చెప్పెదను. హైదరాబాదునుండి వరంగల్లు పోవు బాటపై ఉప్పలు దాటి, బోడుప్పలు, పీర్జాదిగూడ గడచిన పిమ్మట మేడిపల్లి వచ్చును. 2016లో క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు ఇది మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో మండలకేంద్రమైనది. నాకు అచట పరిచయస్థుడైన ఒక రైతుపెద్ద కలడు. వయస్సు ఏడు పదులు దాటినది. వేకువనే లేచి, కండ్లజోడు తుడుచుకొని, భాగవతములో నాలుగు పద్యములైన చదువనిదే ఆయన మంచినీరు ముట్టడు. చదువనేర్చినవాడని ఊరిలో ఆయనకు పేరు. ఎవరికి ఉత్తరము వచ్చినను, దస్తావేజు వ్రాయవలసివచ్చినను ఆయన అరుగునకే పోవుదురు.

ఆ పెద్దకు సంబంధించిన యొక భూమి సంగతి ప్రకటనగా ఒక కచేరివారి ఫోను పుటలో వెలువడినది. ఆ కచేరి పేరు ఇచట అనవసరము. మనుమడు పుట తెరచి చేతికిచ్చెను. ఆయన రెండుమార్లు పైనుండి క్రిందికి చదివెను. అభ్యంతరములు తెలుపుటకు కడపటి దినమెప్పుడో ఆయనకు కనబడలేదు. గడువేమియు పెట్టలేదు కాబోలునని తలచి ఫోను తిరిగియిచ్చివేసెను. నిజమునకు గడువు ఆ పుటలోనే యున్నది. పెద్దల ఛాయాచిత్రములకు, రంగురంగుల పట్టీలకు దిగువన, తెల్లని నేలపై లేత బూడిదరంగు సన్నని అక్షరములలో నున్నది. అది తెలియునప్పటికి గడువు దాటి నాలుగు దినములైనది. పిదప ఆయన మరల అర్జీ పెట్టుకొని కచేరికి మూడుమార్లు తిరుగవలసివచ్చెను.

నేను పరామర్శింపబోయినపుడు ఆయన పలికిన మాట నా మనస్సును కలచినది. "వాండ్ల తప్పేమున్నది బిడ్డా? తప్పు నాదే. నా కండ్లకు పొర వచ్చినది. ఈ కాలపు చదువు నాకు రాదు" అనెను. అంతట నేను ఆ ప్రకటనలోని మాటలనే, అక్షరము మార్చక, ఒక తెల్లకాగితముపై నల్లసిరాతో వ్రాసి, గడువును మొదటి పంక్తిలో పెట్టి చేతికిచ్చితిని. ఆయన ఎక్కడను తడుముకొనక ఒక్క ఊపిరిలో చదివివేసెను. కండ్లు అవియే, చదువు అదియే, మాటలు అవియే. మారినది పుట యొక్కటే. కనుక దోషమెవ్వరిదో మీరే నిర్ణయింపుడు.

ఇట్లు తన్ను తాను నిందించుకొనుట ఆ పెద్ద యొక్కని స్వభావము కాదు. డొనాల్డ్ నార్మన్ అను అమెరికా పండితుడు నిత్యోపయోగ వస్తువుల నిర్మాణమును గూర్చి 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. తలుపు లాగవలెనో త్రోయవలెనో తెలియక తికమకపడు మనుష్యుడు తన తెలివితక్కువను నిందించుకొనును గాని తలుపు చేసినవానిని నిందింపడని ఆయన సోదాహరణముగా చూపెను. తలుపు విషయమున సిగ్గుపడుటవలన పెద్ద నష్టములేదు. పుట విషయమున సిగ్గుపడినచో భూమి పోవును, పింఛను ఆగును, మందు మోతాదు తప్పును. అందుచేత పుటను పరీక్షించు విద్య చదువరులందఱికి, అందును పెద్దలకు, అవసరమగుచున్నది.

పుట రూపము మారుట మనకు క్రొత్త కాదు. తాటియాకుపై గంటముతో వ్రాసిన లేఖకుడు పదముల నడుమ ఎడము విడువలేదు. ఆకు వెడల్పు కొలది అంగుళములే గనుక పంక్తులు నిడువుగా సాగినను సంఖ్యలో కొద్దిగా నుండెడివి. అలవాటుపడిన పండితుని కన్ను దారి తప్పెడిది కాదు. 1740వ దశకమున జర్మనీదేశములోని హాలే పట్టణమునందు బెంజమిన్ షుల్జ్ అను పాదరి తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. తరువాతి శతాబ్దమున మన దేశమున తెలుగు ముద్రణ వ్యాపించినది. పదమునకు పదమునకు ఎడము, వాక్యాంతమున చుక్క, పేరాకు పేరాకు విరామము అచ్చుతోపాటు అలవాటైనవి. పండితునికే అందిన పుట సామాన్యునికి అందినది. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదులో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1947 జూలైలో మదరాసునుండి చందమామ వెలువడినది. చందమామను చదువనేర్చిన బాలుడు ఏ బొమ్మ ఏ కథదో ఎవ్వరిని అడుగవలసిన పని లేకుండెను. బొమ్మకు, అక్షరమునకు వాని వాని స్థానము ఏర్పడియుండుటయే దానికి కారణము.

ఇప్పుడు ఫోను పుట ఎట్లు పుట్టునో చెప్పెదను. దీనిని ప్రతివాడును మొదటినుండి కట్టుకొనడు. ఇటుకలు చేయుటకు కొయ్య అచ్చు ఉన్నట్లే పుటలు చేయుటకును ముందుగా సిద్ధపరచిన అచ్చులుండును. వానిని కుఱ్ఱవారు థీములందురు. శీర్షిక యెచట, బొమ్మ యెచట, అక్షరము ఎంత, రంగు ఏది, పంక్తికి పంక్తికి ఎడమెంత అనునదంతయు ఆ అచ్చులోనే నిర్ణయమైయుండును. మనవాడు తన వ్రాతను అందులో పోయుటయే తరువాయి. ఈ అచ్చులలో పెక్కు ఇంగ్లీషు అక్షరమును మనస్సునందుంచుకొని చేయబడినవి. అమ్మకమునకు చూపునపుడు అందు ఇంగ్లీషు వ్రాతయే పోసి చూపుదురు. చూచువానికి అది ముచ్చటగా నుండును. తెలుగు పోసిన పిమ్మట గాని దాని గుణము బయటపడదు.

ఏల యనగా, ఇంగ్లీషు అక్షరము ఒకదాని ప్రక్క నొకటి వరుసగా నిలుచును. తెలుగక్షరము పైకి క్రిందికి కూడ పెరుగును. తలకట్టు, గుడి, ఏత్వము పైన నుండును. వత్తులు క్రింద వ్రేలాడును. 'రాష్ట్రము' అను మాటను వ్రాసి చూడుడు. షకారము క్రింద టకారము, దానితో రేఫము చేరి, ఒక్క అక్షరమే రెండు మూడంతస్తుల మేడయగును. ఇంగ్లీషునకు సరిపోవు ఎడములో ఈ మేడను ఇరికించినచో పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడిని తాకును. కొన్ని అచ్చులలో వత్తు సగము తెగిపోవును. వత్తు తెగినచో అర్థమే మారును. 'చుక్క' చుక'యై, 'బండ్లు' 'బండు'గా కనబడినచో చదువరి ఏమి చేయగలడు?

కావున ఫోను పుటను పరీక్షించుటకు మొదటి ప్రశ్న అక్షరమును గూర్చినది. అక్షరము నిండుగా, వత్తులు తెగక, పంక్తులు ఒకదాని నొకటి త్రొక్కక యున్నవా? ఇంటర్నెట్టు ప్రమాణములను నిర్ణయించు అంతర్జాతీయ సంస్థయైన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియమువారు అందఱికిని అందుబాటుగా నుండవలసిన పుటల లక్షణములను 1999లో మొదటిసారి, 2008లో రెండవసారి ప్రకటించిరి. 2018లోను, 2023లోను ఆ రెండవదానికి చేర్పులు చేసిరి. చదువరి అక్షరమును రెండింతలు పెద్దదిగా చేసికొన్నను పుటలోని విషయము గాని సౌకర్యము గాని పోరాదని వారి నియమము. పంక్తుల ఎడమును అక్షర పరిమాణమునకు ఒకటిన్నర రెట్లకు పెంచుకొన్నను పుట చెడరాదని మఱొక నియమము. వత్తుల తెలుగునకు ఆ ఒకటిన్నరయే ఒక్కొక్కప్పుడు చాలదు. 'రాష్ట్రము', 'స్త్రీ', 'శాస్త్రి' అను మూడు మాటలున్న పంక్తులను ఒకదానిక్రింద నొకటి పెట్టి చూచినచో అచ్చు గట్టిదో కాదో క్షణములో తేలును.

అక్షరరూపముల విషయమున నేడు మనకు కొదవ లేదు. ఒకప్పుడుండెను. 1990వ దశకమున ఇంటర్నెట్టునకు వచ్చిన తెలుగు పత్రికలు ఎవరి అక్షరరూపమును వారు వాడుకొనిరి. ఆ రూపము మన యంత్రములో లేనిచో పుటయంతయు అర్థములేని గుర్తులుగా కనబడెడిది. ప్రపంచభాషల అక్షరముల కన్నిటికి సంఖ్యలు కేటాయించు యూనికోడు పద్ధతిలో 1991లోనే తెలుగునకు స్థానము కలిగినను, అది వాడుకలోనికి వచ్చుటకు పదేండ్లు పట్టెను. పాతపద్ధతి వ్రాతలను యూనికోడునకు మార్చి చూపుటకు వెన్న నాగార్జునగారు 'పద్మ' అను ఉపకరణమును చేసిరి. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమనల పేర రెండు అక్షరరూపములను సిద్ధపరచి ఉచితముగా నిచ్చిరి. పిదప సిలికానాంధ్ర సంస్థవారి ఆధ్వర్యమున పలు రూపములు వచ్చినవి. వానిలో సురవరము ప్రతాపరెడ్డిగారి పేర వెలసిన రూపము వార్తాపత్రికల వ్రాతకు ఉద్దేశింపబడినది. రామభద్ర అనునది శీర్షికలకు తగిన బరువైన రూపము. శీర్షికకు చేసినదానిని వార్తయంతటికి వాడుట పెండ్లి పందిరి గుంజను ఊతకఱ్ఱగా పట్టుకొని నడచుట వంటిది. గుంజ మంచిదే, పని వేఱు.

రెండవ ప్రశ్న రంగును గూర్చినది. అక్షరమునకు, దాని వెనుకనున్న నేలకు వెలుగులో ఎంత భేదమున్నది? దీనిని కొలుచుటకు లెక్క కలదు. తెల్లనిదానిపై నల్లని అక్షరమునకు భేదము ఇరువదియొకటికి ఒకటి. మామూలు వ్రాతకు కనీసము నాలుగున్నరకు ఒకటియైన ఉండవలెనని పైని చెప్పిన ప్రమాణము విధించుచున్నది. పెద్ద అక్షరములకు మూడింటికి ఒకటి చాలునన్నది. నాజూకు కొఱకు వాడు లేత బూడిదరంగులలో పెక్కు ఆ మూడింటినైనను అందుకొనవు. ఏబది ఏండ్లు దాటిన కంటిలోనికి వెలుతురు తక్కువగా పోవును. శుక్లము మొదలైనచో మఱియు తగ్గును. పుటను తీర్చువాడు సామాన్యముగా ఇరువదియైదేండ్లవాడు. చల్లని గదిలో పెద్ద తెర ముందు కూర్చుండి చూచును. చదువరి మిట్టమధ్యాహ్నము వేపచెట్టు క్రింద చేతికి నెత్తికి నడుమ ఫోను పెట్టుకొని చూచును. ఆ వెలుతురులో, ఆ కంటితో చూచినపుడు నిలిచినదే రంగు.

మూడవది దారిని గూర్చిన ప్రశ్న. వెదకునది ఎచట దొరకునో చెప్పక తెలియవలెను. దీనికి మనకు మంచి గురువులు కలవు. మొదటి గురువు పంచాంగము. అందు చదరపు అంగుళమునకు ఎన్ని సంఖ్యలు క్రిక్కిరిసియుండునో మీరెఱుగుదురు. అందగత్తె యని దాని నెవ్వరును పొగడలేదు. అయినను తిథి యెచటనో, వర్జ్యమెచటనో పెద్దల వ్రేలు వెదకక పోవును. తండ్రి వాడిన పంచాంగములోని వరుసయే కొడుకు వాడు పంచాంగములోను ఉండుటచేత అభ్యాసము వ్యర్థము కాలేదు.

రెండవ గురువు మేడిపల్లి మీదుగా పోవు బాటప్రక్క రాయి. జాతీయరహదారి రాతికి తల పసుపుపచ్చగా, మొండెము తెల్లగా నుండును. రాష్ట్రరహదారి రాతికి తల ఆకుపచ్చగా నుండును. దూరమునుండి రంగు చూచి ఏ బాటయో తెలియును. దగ్గఱకు రాగా ఊరి పేరు, మఱింత దగ్గఱకు రాగా కిలోమీటర్లు తెలియును. ఏది ముందు తెలియవలెనో అది ముందే కనబడును. మన రైతుపెద్ద చూచిన ప్రకటనలో గడువు ఊరి పేరువలె పెద్దదిగా నుండవలసినది. దానిని రాతి పాదమున గడ్డిలో దాచిరి.

మూడవ గురువు ఉప్పలులోనే యున్నది. అచట భారత సర్వేక్షణశాఖవారి శిక్షణసంస్థ కలదు. ఆ శాఖవారి పటములలో నీరు నీలము, అడవి ఆకుపచ్చ, సాగుభూమి పసుపు, నేల ఎత్తుపల్లముల గీతలు గోధుమరంగు. ఏ జిల్లా పటము చేతికి తీసికొన్నను ఇదియే భాష. ఒకమారు నేర్చినవానికి దేశమంతయు తెరచిన పుస్తకమే. ఫోను పుటలలో ఈ కట్టుబాటు లోపించినది. ఒకచోట నీలపు మాట నొక్కినచో క్రొత్త పుట తెరచుకొనును. మఱొకచోట నీలము అలంకారము మాత్రమే. ఒక మూల మూడు అడ్డగీతలు గీసి, విషయసూచిక నంతయు వాని వెనుక దాచుదురు. ఆ గీతలు నొక్కవలెనని మన పెద్దలకు ఎవ్వరు చెప్పిరి? 'విషయములు' అని అయిదక్షరములు వ్రాసినచో ఏమి పోవును? నొక్కవలసిన చోటు కనీసము ఇరువదినాలుగు పిక్సెలుల చదరమైన ఉండవలెనని 2023 నాటి ప్రమాణములో చేర్చిరి. నాగలి పట్టిన వ్రేలికి అదియు ఇఱుకే.

నాలుగవ ప్రశ్న బరువును గూర్చినది. పుట తెరచుకొనుటకు ఎంతసేపు పట్టును? పట్టణములో కన్నుమూసి తెరచులోపల వచ్చు పుట, తాటితోపు నడుమ నున్న పల్లెలో తెల్లబోయి చూచుచుండును. పెద్దపెద్ద ఛాయాచిత్రములు, కదలు బొమ్మలు, తమంతట పాడు పాటలు బరువు పెంచును. తెలుగువారిలో ప్రబలిన మఱొక దురభ్యాసమున్నది. ప్రకటనను అక్షరములుగా గాక బొమ్మగా తీసి పంపుదురు. బొమ్మలోని అక్షరమును పెంచినచో పంక్తి తెర అంచు దాటిపోవును. అందలి మాటను వెదుకుట కష్టము. చూపులేనివారికి వ్రాతను చదివి వినిపించు యంత్రము అట్టి బొమ్మయొద్ద సాధారణముగా మూగపోవును. చదువు కొఱకు పుట్టిన పుట చదువునకే అడ్డుపడుట ఇదియే.

అక్షరములుగా వ్రాసినంతనే కష్టములు తీరినవని అనరాదు. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగెను. 'జ్ఞా' అను తెలుగక్షరము సందేశములో వచ్చినంతనే ఐఫోనులలో ఆ సందేశములు చూపు సాధనము కుప్పకూలెను. కొన్ని ఫోనులు తిరిగి లేచుటకే మొరాయించెను. తయారుచేసినవారు ఆ నెలలోనే సవరణ వెలువరించిరి. జ్ఞానము అను మాటలోని మొదటి అక్షరము లోకప్రసిద్ధమైన యంత్రమును పడగొట్టెనని అప్పుడు మనవారు నవ్వుకొనిరి. నవ్వులోని నీతి మఱువరాదు. కోట్లజనులు మాటలాడు భాషలోని మామూలు అక్షరమును ఆ యంత్రము బజారునకు రాకముందు చాలినంతగా పరీక్షించినట్లు లేదు. పరీక్ష చేయవలసినది తెలుగు చదువరియే.

అయిదవ ప్రశ్న అలవాటును గూర్చినది. ఉన్న పుటను మార్చునపుడు పాతచదువరికి ఏ దారి మిగిల్చిరి? 2023 జనవరి 18న ఆంగ్ల వికీపీడియావారు తమ పుట రూపమును మార్చి, వెడల్పు తెరలపై పంక్తి మఱీ నిడుపుగా పోకుండ కట్టడి చేసిరి. పంక్తి మితముగా నున్నచో కన్ను తరువాతి పంక్తి మొదలును తేలికగా పట్టుకొనును. కావున కారణము మంచిదే. అయినను ఇరుప్రక్కల చోటు వ్యర్థమైనదని అలవాటుపడినవారు పలువురు అభ్యంతరము చెప్పిరి. పేరు నమోదుచేసికొన్నవారు పాతరూపమునే ఎన్నుకొను వీలును నిర్వాహకులు నిలిపియుంచిరి. మేలైన మార్పునకు సైతము పాతదారి కొంతకాలము తెరచియుంచుట మర్యాద. క్రొత్త వంతెన కట్టినవాడు పాత రేవును మఱునాడే పూడ్చడు.

ఇన్ని ప్రశ్నలు చెప్పితిని గాని, వీనికి ఉత్తరములు పుట చేసినవాని నోట వినరాదు. తల్లికి బిడ్డ ఎప్పుడును అందగాడే. ఉత్తరము చదువరి చేతినుండి రావలెను. దానికొక పద్ధతి కలదు. జేకబ్ నీల్సెన్ అను డెన్మార్కు దేశస్థుడు పుటల సౌలభ్యమును పరీక్షించుటలో ప్రసిద్ధుడు. వేలకొలది జనులను పిలువనక్కఱలేదనియు, అయిదుగురు చదువరులను కూర్చుండబెట్టి చూచినచో దోషములలో అధికభాగము బయటపడుననియు ఆయన 2000 సంవత్సరమున వ్రాసెను. ఒక దోషమును సవరించి మరల అయిదుగురిని పిలువవలెనని ఆయన సలహా.

మేడిపల్లిలో మేము ఈ పద్ధతినే అనుసరించితిమి. ఆ రైతుపెద్ద మనుమడు ఊరి సంగతుల కొఱకు ఒక ఫోను పుటను తయారుచేయుచుండెను. విదేశీయులు చేసిన అందమైన అచ్చును ఎన్నుకొనెను. నేను అయిదుగురు పెద్దలను అరుగుపై చేర్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పని చెప్పితిని. వచ్చు ఆదివారపు వైద్యశిబిరము ఎన్ని గంటలకో చెప్పుమనుట ఒకటి. క్రిందటి నెల నీటి సరఫరా గూర్చిన ప్రకటనను వెదకుమనుట మఱొకటి. చదివినదానినుండి మొదటి పుటకు తిరిగి రమ్మనుట వేఱొకటి. కుఱ్ఱవాడు నోరు మెదపరాదని కట్టడి చేసితిని. అదియే వానికి కష్టమైనది. "తాతా, అక్కడ కాదు, పై మూలన" అని వాని నాలుక చివరకు వచ్చుచుండెను. నేను కనుసన్న చేసి ఆపుచుంటిని.

ఫలిత మేమనగా, అయిదుగురిలో నలుగురు ఆ మూడు గీతలను ముట్టనే లేదు. ఒక పెద్ద శీర్షిక ప్రక్కనున్న బొమ్మను మాటిమాటికి నొక్కుచుండెను. అది తెరచుకొనునని ఆయన నమ్మకము. శిబిరము గంటలను ముగ్గురు కనుగొనలేకపోయిరి. అవి పేరా నడుమ కలిసిపోయినవి. పంక్తుల రెండంచులు సమముగా నుండవలెనని అచ్చు చేసినవాడు నియమించుటచేత, నిడుపైన తెలుగు సమాసములు ఇఱుకు తెరపై ఇమడక, మాటల నడుమ బావులవంటి ఖాళీలు ఏర్పడినవి. ఒకరు వానిని వాక్యాంతములని భ్రమించి ఆగి ఆగి చదివిరి. కుఱ్ఱవాడు మౌనముగా తలవంచుకొని అన్నియు వ్రాసికొనెను. చివరకు, "తాతా, మీరు తప్పు చేస్తున్నరనుకున్న. తప్పు నేను చేసిన" అనెను. ఆ మాట వినుటకే నేను ఆ దినము మేడిపల్లి పోయితిని కాబోలు.

రెండు వారముల పిదప అతడు సవరించిన పుటను తెచ్చెను. గడువులు, గంటలు, స్థలము మొదటి మూడు పంక్తులలో నల్లగా నిలిచినవి. మూడు గీతల స్థానమున 'విషయములు' అని వ్రాసియున్నది. పంక్తుల ఎడమ అంచు మాత్రమే సమముగా నున్నది. కుడి అంచు చేని గట్టువలె వంకరటింకరగా నున్నది. అందము కొంత తగ్గినదని వాని స్నేహితులు ఎగతాళి చేసిరట. మరల అయిదుగురిని కూర్చుండబెట్టితిమి. అందఱును గంటలు చెప్పగలిగిరి. ఇంకను ఒక్క దోషము మిగిలినది. పాతప్రకటనను వెదకుట ఇద్దఱికి కుదురలేదు. దానిని మూడవమారు చూడవలెను.

ఇందు నాకు ఒక సందేహము అడుగువారు కలరు. "అంతయు పెద్దల కొఱకే చేసినచో యువకులకు విసుగు కలుగదా?" అని. పెద్దకండ్లకు తేటగా కనబడునది పడుచుకండ్లకు మఱింత తేటగా కనబడును. ముసలివాని కొఱకు అరుగునకు మెట్టు కట్టినచో పిల్లవాడును దానిపైనే యెక్కును. అలంకారము వలదని నేను అనను. తలుపునకు చెక్కడపుపని ఉండవచ్చును. గడియ మాత్రము చేతికందవలెను.

పెద్దలు చేయవలసినది అల్పము. ఏ కచేరిదైనను, ఏ పత్రికదైనను పుట మీ చేతికి వచ్చినపుడు, మీకు కావలసిన ఒక్క సంగతిని అందు వెదకుడు. దొరకనిచో "నా కండ్లు పోయినవి" అని ఫోను తిరిగియీయకుడు. "గడువు ఎచట వ్రాసినారు? అక్షరము ఏల ఇంత పలుచన? ఇది ఎవరి కొఱకు వ్రాసినారు?" అని అడుగుడు. ఇంటిలోని కుఱ్ఱవారిచేత ఆ ప్రశ్నలనే ఉత్తరముగా వ్రాయించి పంపుడు. నూఱుమంది మౌనముగా సిగ్గుపడినచో పుట మారదు. పదిమంది అడిగినచో మారుటకు మార్గమున్నది.

మేడిపల్లి రైతుపెద్ద గడచిన గడువు తిరిగి రాలేదు. ఆయన అర్జీ ఇంకను నడచుచునే యున్నది. కాని ఆయన ఇప్పుడు ఫోనును మనుమనికి తిరిగి ఇచ్చుటకు ముందు ఒక ప్రశ్న వేయుచున్నాడు: "బిడ్డా, ఇందులో తారీకు ఎక్కడ దాచిండ్రు?" ఆ ప్రశ్న మన పల్లెలలో ప్రతి అరుగుపైన వినబడుగాక.